లీరా పడిందని చెప్పడమెలా

ఎసెంకుల్ బైకే పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒక్క చెడ్డ వార్తనైనా సూటిగా చెప్పిన పాపాన పోలేదు. విచిత్రమేమిటంటే, ఆయనకు జీతమిచ్చేదే చెడ్డ వార్తలు చెప్పినందుకు.

మా తలాస్ లోయలో పండించేది రాజ్మా, తినేది మాంసం. ఆ గింజల్ని ఏం చేసుకు తినాలో మాలో చాలామందికి ఈనాటికీ తెలియదు. పండినదంతా లారీలకెక్కి, సరిహద్దులు దాటి టర్కీ పోతుంది. అందుకని మా రైతుకు పక్కింటి కబుర్లకన్నా పరాయి దేశాల కబుర్లే ఎక్కువ అవసరం. అక్కడెక్కడో వాళ్ళ డబ్బు లీరా విలువ తగ్గితే ఇక్కడ సంతలో గొర్రెపిల్లను కొనే నాథుడుండడు. సరిహద్దు దగ్గర ఒక అధికారి అలిగితే మా ఊళ్ళో పెళ్ళి వాయిదా పడుతుంది.

బేగిమాయ్ తండ్రి రాజ్మా ఎగుమతి కంపెనీ పెట్టినప్పుడు, ఈ బెడదలన్నీ కనిపెట్టి చెప్పడానికి తన చిన్ననాటి స్నేహితుణ్ణి, ఊరంతా బైకే, అంటే అన్నా, అని పిలిచే ఎసెంకుల్‌ని కుదుర్చుకున్నాడు. తండ్రి పోయాక గోదాము, లారీలతోపాటు ఎసెంకుల్ బైకే కూడా బేగిమాయ్‌కి వారసత్వంగా వచ్చాడు. ఆమె రాజధాని బిష్కెక్‌లో ఆర్థికశాస్త్రం చదివి వచ్చిన పిల్ల. ఆయన పేరు కింద 'రిస్క్ మేనేజర్' అని అచ్చు వేయించింది. ఆ కార్డులు ఆయన తన చెల్లెలి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చాడు.

చావు కబురు మొహం మీద కొట్టినట్టు చెప్పకూడదని మా పెద్దల పద్ధతి. దానికి ఎస్తిర్తూ అని పేరు. నలుగురు పెద్దలు కలిసి వెళ్ళి, టీ తాగి, గద్ద ఎగిరిపోయిందనో చెట్టు ఒరిగిందనో చెబుతూ చెబుతూ, వినేవాడికి వాడంతట వాడికే తెలిసేలా చేస్తారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎసెంకుల్ బైకే దాన్ని చావులకే పరిమితం చెయ్యలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని భార్యకు చెప్పాలంటే ఆవు పూర్వీకుల దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. ఆవిడ, బుబూసారా, ఆయన నోరు తెరవగానే వంటింట్లోకి పరుగెత్తడం నేర్చుకుంది. ఆ ఇంట్లో కాపురం నిలవడానికి ఆవిడ కాళ్ళ వేగమే కారణమని ఊరంతా అనుకుంటారు.

ఆఫీసులోనూ ఇదే భాగవతం. ఆయన తలమీది తెల్ల కల్పాక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాట. ఏ కొంప అన్నది మాత్రం మనం తేల్చుకోవాలి. కొన్నేళ్ళ అనుభవంతో లెక్కలు చూసే జాంగారాచ్ కొంత గుట్టు పట్టాడు. ఆయన ఒంటె అన్నాడంటే డబ్బు విలువ. తోడేలు అంటే సరిహద్దు. గద్ద అంటే కొత్త పన్ను. ఒకసారి తోడేలు ఒంటెను తింటే పైనుంచి గద్ద చూస్తూ ఉన్నదని ఆయన చెప్పగానే జాంగారాచ్ సెలవు పెట్టి ఇంటికి పోయాడు.

టర్కీలో మా సరుకు కొనే ఓర్హాన్‌గారికి ఈ గొడవేమీ తెలియదు. ఒకసారి లారీ ఒకటి కాలవలో ఒరిగిందన్న సంగతి ఆయనకు ఫోన్లో చెప్పే పని ఎసెంకుల్ బైకే మీద పడింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఈయన అవతలివాళ్ళ అమ్మగారి కీళ్ళనొప్పులు అడిగాడు, అల్లుడి ఉద్యోగం అడిగాడు, వాళ్ళ ఊళ్ళో వానలెలా ఉన్నాయో అడిగాడు. ఓర్హాన్‌గారు పొంగిపోయి ఇంకో రెండు లారీల సరుకు పంపమన్నాడు. ఒరిగిన లారీ సంగతి మరునాడు బేగిమాయ్ చెప్పుకోవాల్సి వచ్చింది.

పోనీ, ఆయన జోస్యాలైనా ఫలించేవా అంటే అదీ లేదు. ఎక్కడో సముద్రంలో ఓడ అడ్డంపడితే మా కనుమలో లారీలు ఆగిపోతాయని ఒట్టేసి చెప్పాడు. ఆగలేదు. ఇద్దరు దేశాధినేతలు కరచాలనం చేసుకోకపోయేసరికి యుద్ధం ఖాయమన్నాడు. వాళ్ళలో ఒకాయనకు జలుబు చేసిందట. నిజంగా వచ్చిన బెడదలు మాత్రం ఆయన తీరిగ్గా టీ తాగుతుండగా వచ్చేవి.

ఇక ఒంటె సంగతి. అప్పట్లో బేగిమాయ్ నాయనమ్మ కంటి వైద్యానికి బిష్కెక్ వెళ్ళి ఉంది. ఓ ఉదయం ఎసెంకుల్ బైకే ఇద్దరు ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు. బేగిమాయ్ గోదాముకు పోయింది, తల్లి ఒక్కర్తే ఉంది. నూనెలో వేయించిన వేడివేడి బోర్సోక్ రొట్టెముక్కలు ముందు పోస్తే ఆయన ఒక్కటి కూడా ముట్టలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ముసలి ఒంటె ఒకటి ఉండేదమ్మా" అన్నాడు. "ఎన్నో చలికాలాలు మనందర్నీ మోసింది. కాళ్ళు వణుకుతున్నాయని మనకూ తెలుసు. ఇవాళ తెల్లారేసరికి కూలబడింది. ఇక లేస్తుందనుకోవడం మన భ్రమ."

బేగిమాయ్ తల్లి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎసెంకుల్ బైకే చలించిపోయాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన వార్తకు ఇంతగా కరిగిపోయిన మనిషిని ఆయన చూడలేదు. లీరా మీద ఈవిడకు ఇంత మమకారమా అని ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆయన ఏడుపు చూసి ముసలివాళ్ళు, వాళ్ళను చూసి ఇరుగుపొరుగు అందుకున్నారు. బేగిమాయ్ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చావింటి యుర్త్ గుడారం లేచింది, రెండు గొర్రెలు తెగాయి, మేనత్తలు మూడు ఊళ్ళ నుంచి బయల్దేరారు.

ఆ సందట్లో ఫోన్ మోగింది. నాయనమ్మ. తన కోళ్ళకు గింజలు వేశారా లేదా అని అడిగింది. కోడలు ఫోన్ జారవిడిచింది. కాస్త తేరుకున్నాక ఎసెంకుల్ బైకే వైపు తిరిగి, "మరి చచ్చిందెవరు?" అని అడిగింది.

"చావలేదమ్మా" అన్నాడాయన నొచ్చుకుంటూ. "పడింది. లీరా."

కోసిన మాంసం ఏం చేస్తారు? వచ్చినవాళ్ళంతా తిని, మిగిలింది సంచుల్లో కట్టుకుని పోయారు. నాయనమ్మ మరునాటి బస్సులో దిగి, తన పేరున వండినదాంట్లో తన వాటా అడిగి మరీ తిన్నది. ఎవరెవరు ఏడ్చారో, ఎంత గట్టిగా ఏడ్చారో వాకబు చేసింది. రానివాళ్ళతో ఆవిడ ఇప్పటికీ మాట్లాడదు.

దాంతో బేగిమాయ్‌కి ఓపిక నశించింది. ఒంటెలూ వద్దు, తోడేళ్ళూ వద్దు, ఏ వార్తయినా తెలిసిన మరుక్షణం ఒక్క ముక్కలో ఫోన్‌కి మెసేజ్ పెట్టాలని ఆర్డరు వేసింది. ఎసెంకుల్ బైకే తలూపాడు. మరుసటి వారం మెసేజ్ వచ్చింది. "ఆరోగ్యమేనా తల్లీ?" బాగున్నానని ఆమె జవాబిచ్చింది. "అమ్మ ఆరోగ్యం?" అదీ బాగుందన్నది. "పశువులు?" తమకు పశువులు లేవని రాసింది. చాలాసేపటికి ఇంకో మెసేజ్. "వంతెన."

అంతే. ఏ వంతెన, దానికేమైంది, ఏమీ లేదు. ఆమె ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. అసలు ఆమెకు ఒళ్ళు మండేది అందుకే. చెడ్డ వార్త తెలియగానే ఆయన పాత నీవా కారేసుకుని పూటపూటంతా మాయమయ్యేవాడు. వార్త చెప్పడానికి ఎప్పుడు వచ్చినా ఆలస్యంగానే వచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళావంటే "ఇక్కడికే" అనేవాడు. భయపడి ఏ వాగు ఒడ్డునో దాక్కుంటున్నాడని ఆమె అనుకుంది. తండ్రి స్నేహితుడు కాకపోయి ఉంటే ఎప్పుడో ఇంటికి పంపేదాన్నని జాంగారాచ్‌తో అన్నది కూడా.

ఈ శరత్కాలంలో పులిమీద పుట్రలా అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఎందుకో ఎవరికీ తెలియకుండా సరిహద్దు మూసేశారు. సారీ-బులాక్ ఊరి పంటంతా మోసుకుపోతున్న లారీలు ఆ వరుసలో నిలబడిపోయాయి. వానలు పట్టుకున్నాయి. టార్పాలిన్ల కింద గింజ తడిసింది. లీరా మళ్ళీ జారింది. ఓ ఉదయం గోదాములో బేగిమాయ్ ఒంటరిగా ఉండగా ఓర్హాన్‌గారి మెసేజ్ వచ్చింది. 'ఆలస్యమైంది, తడిసింది, ఈ ధర మేం మోయలేం, సరుకు వద్దు.'

ఆమె కోరుకున్నట్టే ఒక్క ముక్కలో వచ్చింది. ఆమె దాన్ని చదివి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగి, ఫోన్ అందుకుంది. మధ్యాహ్నానికల్లా జార్జియాలో ఒక వ్యాపారిని పట్టుకుంది. ధర తక్కువ, అదీ వసంతంలో ఇస్తాడు. తడి గింజను చేత్తో ఏరి తీసేయాలి. మిగిలింది దక్షిణపు కనుమలు మంచుతో మూసుకుపోకముందే దాటించి, కాస్పియన్ సముద్రం మీదుగా పంపాలి. అంటే సారీ-బులాక్ రైతులు వసంతం దాకా ఆగాలి, పైగా ఇంటిల్లిపాదీ వచ్చి గింజలు ఏరాలి. వాళ్ళు కాదంటే ఆ గింజ బూజుపడుతుంది, తండ్రి పెట్టిన కంపెనీకి తాళం పడుతుంది.

సారీ-బులాక్‌లో ఎసెంకుల్ బైకే మాట ఎవరూ దాటరు. ఆయనదీ ఆ ఊరే, ఆయన పంటా ఆ లారీల్లోనే ఉంది. కాబట్టి ముందు ఆయనకు చెప్పాలి. ఆయన వారం రోజులుగా చెల్లెలి ఇంట్లో ఉండి ఆ ఉదయమే వచ్చాడు. ఫోన్ అలవాటు ప్రకారం కారులో పడి ఉంది. లోకమంతటి బెడదలూ కనిపెట్టే మనిషికి తన కొంప మునిగిన సంగతి తెలియదు.

సూటిగా చెప్పేయాలని నిశ్చయించుకుని ఆమె కారులో బయల్దేరింది. దారంతా ఆ ఒక్క వాక్యం వల్లించుకుంది. తీరా గేటు దగ్గరికి వచ్చి చూస్తే ఆయన ఇంటి మీద ఉన్నాడు. ఇంటికి సగం కప్పు లేదు. పాత రేకులు ఊడదీసి వాకిట్లో పేర్చి, కూనిరాగం తీస్తూ దూలానికి మేకు కొడుతున్నాడు.

"పంట బయల్దేరిందిగా తల్లీ, కొత్త రేకులు వేయిద్దామని" అన్నాడు పైనుంచి. "డబ్బు చేతికొచ్చేదాకా రేకు ఊడదియ్యొద్దని మీ వదిన పోరు పెట్టింది. నేనే వినలేదు. పంపింది నువ్వు కదా, ఇంకేం భయం."

జీవితంలో ఎవర్నీ, దేన్నీ నమ్మని మనిషి నమ్మక నమ్మక ఒక్కసారి నమ్మాడు. వల్లించిన వాక్యం బేగిమాయ్ చెప్పలేదు. ఊరికే చూసి పోదామని వచ్చానని చెప్పి, వీధి చివరిదాకా వచ్చి కారు ఆపి, జాంగారాచ్‌కి ఫోన్ చేసింది.

"ఆయనకి ఎలా చెప్పాలి?"

"ఆయన పద్ధతిలోనే" అన్నాడు జాంగారాచ్. "కానీ ఒక్కదానివే పోకూడదు. పెద్దవాళ్ళని నలుగుర్ని పోగుచెయ్యి. నేనూ వస్తున్నా."

మొదటి ఇల్లు రిటైరైన మాస్టారు మంబెత్‌ది. ఆయన సంగతి విని, కోటు తొడుక్కుంటూ, ఎసెంకుల్ తన దగ్గరికి అలాగే వచ్చాడని చెప్పాడు. రెండేళ్ళ కిందట ధర సగానికి పడిపోయినప్పుడు, ఆ కబురు చెప్పేముందు తనతో మాటలు లేని తమ్ముణ్ణి పొరుగూరి నుంచి కారులో తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టాడట. తమ్ముడు రానంటే అతని గుమ్మంలో కూర్చుని, ఒప్పుకునేదాకా మేకల గురించి మాట్లాడాడట.

"ఆ ఏడు ధరెంత పడిందో నాకిప్పుడు గుర్తు లేదమ్మా. మావాడు వచ్చింది మాత్రం గుర్తుంది" అన్నాడు మాస్టారు.

రెండో ఇల్లు సాయిరాకాన్‌ది. మొగుడు పోయిన మనిషి, కూలీల సాయంతో పొలం చేయించుకుంటుంది. వంతెన కూలి తన సరుకు ఆగిపోయిన రోజున పొద్దుటి నుంచి తమ ఇంటికి ఒకరి తర్వాత ఒకరు చుట్టాలు ఎందుకొస్తున్నారో తనకు అర్థం కాలేదని చెప్పింది. సాయంత్రానికి ఇల్లు నిండాక ఎసెంకుల్ వచ్చి టోపీ తీశాడట.

"ఒక్కదాన్ని ఉండగా చెప్పకూడదని ఊరంతా తిరిగాడు పిచ్చిమనిషి. అంతమందికి టీ కాచేసరికి నాకు ఏడవడానికి తీరిక లేకపోయింది."

బేగిమాయ్ మళ్ళీ కారెక్కింది. ఆయన మాయమైన పూటలన్నీ ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది. 'వంతెన' అన్న మెసేజ్ తర్వాత ఫోన్ ఎందుకు ఎత్తలేదో కూడా తెలిసింది. దాక్కున్నాడనుకుంది తను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది, పెట్రోలు ఖర్చు ఒక్కసారైనా అడగలేదే అని కోపమూ వచ్చింది.

చీకటి పడకముందే ఊరు ఊరంతా ఎసెంకుల్ బైకే ఇంట్లో ఉంది. బుబూసారా వస్త్రం పరిచి, ఉన్న రొట్టెలన్నీ తెచ్చి పెట్టింది. సగం మందికి నెత్తిమీద కప్పు ఉంది, సగం మందికి ఆకాశం ఉంది. ఎసెంకుల్ బైకే జనాన్ని చూసి చూసి నెమ్మదిగా కూర్చున్నాడు. ఇంతమంది ఎందుకొచ్చారో ఆయన కన్నా బాగా తెలిసినవాళ్ళు మా లోయలో లేరు.

బేగిమాయ్ గొంతు సవరించుకుంది. "ఒక ఒంటె ఉండేది బైకే..."

"డబ్బు సంగతా, సరుకు సంగతా?" అని అడిగాడాయన.

"సరుకు."

"అయితే ఒంటె కాదు తల్లీ. నది. నదితో మొదలుపెట్టు. తొందరపడకు."

"ఒక నది ఉండేది" అన్నది ఆమె. "మన ఊళ్ళోంచి బయల్దేరింది. దారికి అడ్డంగా కొండ విరిగి పడింది."

"కొండ కన్నా ముందు వాన రావాలి."

"వానా వచ్చింది బైకే. నీళ్ళు పాడయ్యాయి. అవతల ఒడ్డున దాహమేసినవాడు... వాడు నాకొద్దన్నాడు." ఆమె పరిచిన వస్త్రం అంచు మడిచింది. "నది వెనక్కి వచ్చేస్తోంది."

బుబూసారా చేతిలోని కెటిల్ కింద పెట్టింది. ఆయన తలెత్తి, కప్పు లేని చోటి నుంచి కనిపిస్తున్న ఆకాశాన్ని చూశాడు. ఇవాళ వాన లేదులే అన్నాడు, ఎవరితోనో కాదు, భార్యతో. తర్వాత బేగిమాయ్ వైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పారీ సంగతి?"

"ఫోన్లో వచ్చింది."

"అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు బైకే."

"పొద్దుటి నుంచీ?"

ఆమె తలూపింది. ఎసెంకుల్ బైకే మొహంలో పంట పోయినప్పుడు కూడా కనిపించని బాధ అప్పుడు కనిపించింది. లేచి వచ్చి, ఆమెను చెయ్యి పట్టుకుని లేపి, గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టాడు. పక్కన సాయిరాకాన్‌ను కూర్చోమన్నాడు. ఆ పిల్లకు వేడి టీ పొయ్యమని భార్యకు చెప్పాడు. తన చోటికి పోయి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇలా చెప్పడం తప్పు. పిల్లకి మొదటి నుంచి చెబుదాం."

ఎసెంకుల్ బైకే మొదలుపెట్టాడు. మంచులో పుట్టిన నది గురించి చెప్పాడు, దాని తండ్రి కొండ గురించి చెప్పాడు, ఆ కొండ పోయాక నది ఒంటరిగా ఎంత దూరం నడిచిందో చెప్పాడు. బేగిమాయ్‌కి అంతా తెలిసిన సంగతే. అయినా పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. సాయిరాకాన్ వీపు నిమురుతూ ఉంది.

"కొండ అడ్డం పడితే నది చుట్టూ తిరిగి పోకూడదా?" అని మాస్టారు అడిగాడు.

"పోవచ్చు" అన్నది బేగిమాయ్ ముక్కు తుడుచుకుంటూ. "దక్షిణం వైపు దారి ఉంది. సముద్రం దాటాలి. వసంతం దాకా పడుతుంది."

"మధ్యలో ఇంకిపోదు కదా?"

"ఇంకిపోవచ్చు కూడా. లేదని అబద్ధం చెప్పను. నాకు చేతనైనదంతా చేస్తాను."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఆ తర్వాత అందరూ ఎసెంకుల్ బైకే వైపు చూశారు. ఆయన టోపీ సర్దుకుంటున్నాడు. సాయిరాకాన్ ఇక ఆగలేకపోయింది.

"ఆగుతాం లేవే. తడి గింజలు ఏరడానికి రేపు ఎన్నింటికి రావాలో చెప్పు."

పిల్లల్ని కూడా తెస్తామని ఒకరు, జల్లెళ్ళు తమ ఇంట్లో ఉన్నాయని ఒకరు, ముందు ఈ ఇంటికి పాత రేకులైనా తిరిగి కప్పుదామని ఇంకొకరు అన్నారు. బేగిమాయ్ ఏడుస్తూనే నవ్వింది. ఎసెంకుల్ బైకే మాత్రం చిరాకుపడ్డాడు.

"మీరంతా చివరికి దూకేస్తే ఎలా? నది ఇంకా మన ఊరే దాటలేదు" అని మందలించి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి అందుకున్నాడు. కథ కాస్పియన్ చేరేసరికి చాలాసేపు పట్టేలా ఉందని బుబూసారా ఇంకో దఫా పిండి కలపడానికి లేచింది.